ఆగ్రా నీళ్ళు

కందిపప్పు కడిగిన నీళ్ళు మూడోసారి పట్టాల పక్కన ఒంపేసి, లక్ష్మీనరసింహం గుండిగలో చెయ్యి పెట్టి చూశాడు. రెండు గింజలు తీసి వేళ్ళ మధ్య నలిపాడు. ఇంకా గట్టిగానే ఉన్నాయి. మరో అరగంట నానాలి అనుకుని, పక్కనున్న రెండు డబ్బాల్లో ఎడమవైపు దాంట్లోంచి చెంబుతో నీళ్ళు తీసి పోశాడు. అవి ఢిల్లీలో పట్టిన నీళ్ళు. కుడివైపు డబ్బాలోవి ఆగ్రా నీళ్ళు. వాటితో గిన్నెలు తోముకోవచ్చు, కూరలు కడుక్కోవచ్చు. పప్పు మాత్రం ఉడకదు. మొదటిసారి వచ్చినప్పుడు ఆ సంగతి తెలియక మూడు గంటలు మంట పెట్టినా పప్పు బద్ద బద్దగానే ఉండిపోయింది. ఆ పూట అందరికీ చారూ, గోంగూర పచ్చడీ వేసి పంపించాడు. ఆ తరువాత పదకొండుసార్లు వచ్చాడు. మళ్ళీ అలాంటి పొరపాటు జరగలేదు.

అది 1968, ఫిబ్రవరి నెల. డెల్టాలో నూర్పిళ్ళు అయిపోయి, రైతుల చేతికి తీరిక వచ్చిన రోజులు. తెనాలి నుంచి ఉత్తరదేశ యాత్రకు బయలుదేరిన బోగీ ఆగ్రా కోట స్టేషన్లో, ప్లాట్‌ఫారానికి దూరంగా ఒక ఖాళీ లైను మీద నిలబడి ఉంది. తెల్లవారగానే రైలు దాన్ని అక్కడ విడిచిపెట్టి పోయింది. సాయంత్రం ఇంకో రైలు వచ్చి తగిలించుకుని పోతుంది. నలభైరెండు మంది ప్రయాణీకులు ఆ బోగీలోనే పడుకుంటారు, ఊరు వచ్చినప్పుడు దిగి చూడవలసినవి చూస్తారు, వేళకు వచ్చి భోంచేస్తారు. బోగీలో ఒక చివర బియ్యం బస్తాలూ పచ్చళ్ళ జాడీలూ విస్తరాకుల కట్టలూ ఉన్నాయి. ఆ బస్తాల మీదే లక్ష్మీనరసింహం పడక.

ఆయనకు యాభైతొమ్మిదేళ్ళు. సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. మోచేతుల దాకా నూనె చిందిన మచ్చలు, కొన్ని నల్లగా, కొన్ని తెల్లగా. చలికి తుండుగుడ్డ తలకు చుట్టి, చెవుల మీదుగా ముడి వేసుకున్నాడు. ఒంటి మీద చేతులు పొడుగైన ఊలు స్వెట్టరు. బాపట్లలో ఒక పెళ్ళికి వంట చేసినప్పుడు పెళ్ళికొడుకు తండ్రి ఇచ్చాడు. పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు దాని చేతులు రెండు మడతలు పైకి మడుస్తాడు.

ఎదురుగా, పట్టాలకు అవతల, ఎర్రరాతి కోటగోడ. తొమ్మిదింటి దాకా ఆ గోడ నీడ బోగీ మీద పడుతుందనీ, ఆ లోపల కూరలు తరుక్కోవాలనీ ఆయనకు తెలుసు. గోడ సందుల్లో చిలకలు ఉంటాయనీ, అన్నం వార్చే వేళకు వచ్చి వాలతాయనీ తెలుసు. గోడ లోపల ఏముందో తెలియదు. ఉత్తరదేశం ఆయనకు నీళ్ళను బట్టి తెలుసు. గ్వాలియరు నీళ్ళు చల్లన, ఢిల్లీ నీళ్ళు తేలిక, కాశీ నీళ్ళకు చారు రుచి వస్తుంది. తన దేశమైనా అంతే. పెళ్ళి వంటకు ఏ ఊరు వెళ్ళినా ముందు బావి దగ్గరకు పోయి దోసెడు నీళ్ళు తాగి చూసేవాడు. రేపల్లెలో ఉప్పు తగ్గించి వెయ్యాలి. బాపట్ల ఇసక నేలలో ఎక్కడ తవ్వినా తియ్యటి నీళ్ళే. చెరుకుపల్లి చెరువు నీళ్ళకు పప్పు వెన్నలా ఉడుకుతుంది.

వేమూరులో ఒక చిన్న గుడి పూజారికి ఆయన నాలుగో కొడుకు. మంత్రం నోటికి రాలేదు. పన్నెండో ఏట తెనాలిలో పెళ్ళివంటలు చేసే ఒక పెద్దాయన దగ్గర చేరాడు. మొదటి ఆరేళ్ళూ బియ్యం ఏరడమే పని. మణుగు బియ్యం ముందు పోసుకుని, చూపు ఒక చోటా చెయ్యి ఒక చోటా ఉన్నా రాయి తగలగానే వేళ్ళు ఆగేవి. తరువాత గరిటె చేతికి వచ్చింది. నలభై ఏళ్ళుగా ఆ గరిటె దించలేదు.

ఉప్మా తిని, కాఫీలు తాగి, ప్రయాణీకులు తాజ్‌మహలు చూడడానికి టాంగాలు ఎక్కుతున్నారు. ఆడవాళ్ళు శాలువలు సర్దుకుంటున్నారు. యాత్ర నడిపించే జగన్నాథరావు అందరినీ ఎక్కించి, చివరి టాంగా దగ్గర నుంచి వెనక్కి వచ్చాడు. తెనాలివాడే. లక్ష్మీనరసింహం కంటే ఇరవయ్యేళ్ళు చిన్న. ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడతాడు.

"నరసింహంగారూ, నిన్న రాత్రి సంగతి..."

లక్ష్మీనరసింహం లేచి నిలబడ్డాడు. నిన్న రాత్రి ఢిల్లీలో, అన్నంలో రాయి తగిలి రేపల్లె బసవేశ్వరరావు పన్ను విరిగినంత పనైంది. ఆయనకు రైసుమిల్లు ఉంది. "మా మిల్లులో ఇట్టాంటి బియ్యం వస్తే నేను ఊరుకోను" అని పంక్తిలో అందరి ఎదుటా అన్నాడు. అంతకు మూడు రోజుల ముందు గ్వాలియరులోనూ ఒకరికి తగిలింది.

"చూసి ఏరుతున్నానండి."

"పదకొండేళ్ళలో ఎవరూ మాట అనలేదు కదా, అందుకని చెప్పడం. ఈసారికి ఇది గడిచిపోతే, వచ్చే ఏడాది సంగతి తరువాత మాట్లాడుకుందాం" అని, జవాబు కోసం ఆగకుండా జగన్నాథరావు టాంగా ఎక్కాడు.

వచ్చే ఏడాది సంగతి అంటే ఏమిటో లక్ష్మీనరసింహానికి తెలియక కాదు. ఆయన మళ్ళీ కూర్చుని చేటలో బియ్యం పోసుకున్నాడు. సహాయానికి వచ్చిన వీరాస్వామి కూరగాయల కోసం బజారుకు పోయాడు. లైను మీద ఎవరూ లేరనుకున్నాడు.

"పంతులుగారూ, ఆ రెండో చేట ఇటివ్వండి" అని బోగీ తలుపు దగ్గర నుంచి గొంతు వినిపించింది.

కొలకలూరు కోటేశ్వరమ్మ. అరవైఅయిదేళ్ళ రైతుమనిషి, భారీ శరీరం, చెవులకు బరువైన దిద్దులు. భర్త పోయాక పదేళ్ళు పొలం తానే చేయించింది. కుతుబ్‌మీనారు దగ్గర తిరిగిన దగ్గర నుంచి మోకాళ్ళు వాచి, ఇవాళ దిగలేదు. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి, పొయ్యి పక్కన బొగ్గుల గోతం మీద కూర్చుంది.

"మీకెందుకమ్మా ఈ పని. ప్రయాణీకులు మీరు."

"ప్రయాణీకురాలినైతే చేతులు పడిపోయాయా ఏంటి? ఊరికే కూచుంటే కాళ్ళు మరీ పట్టేస్తన్నాయి."

ఆమె చేట అందుకుంది. ఆయన ఏరి పక్కన పోసిన కుప్పలోంచే పిడికెడు తీసి చెరిగింది. కాసేపటికి చేతులు ఆగాయి.

"ఇవి ఏరినవేనా?"

"ఏరినవేనమ్మా."

ఆమె అరచెయ్యి ఆయన ముందుకు చాపింది. "ఇందులో ఎన్ని రాళ్ళున్నాయి?"

ఆయన మెడ ముందుకు చాచి చూశాడు. ఎండ అప్పుడే గోడ దాటి వచ్చింది. అరచెయ్యి పొగలో ఉన్నట్టు కనిపించింది.

"రెండు."

"అయిదు" అంది కోటేశ్వరమ్మ. ఆ రాళ్ళను ఏరి పట్టాల మీదికి విసిరేసింది. "ఎన్నాళ్ళ నుంచి?"

ఆయన చేట కింద పెట్టాడు. రెండేళ్ళ కిందట చెరుకుపల్లిలో ఒక పెళ్ళిలో, బూందీ వేస్తుంటే కళ్ళకు ఆవిరి కమ్మినట్టు అనిపించింది. తుండుగుడ్డతో తుడుచుకున్నాడు. పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చినా ఆవిరి పోలేదు. అప్పటి నుంచి ఉప్పు చేతి కొలతతో, పోపు వాసనతో, అన్నం చప్పుడుతో తెలుసుకుంటున్నాడు. చేతులే సగం చూపు. ఈ మధ్య చలికి వేళ్ళ కొసలు కూడా మొద్దుబారి, ఏరడం ఒక్కటీ కుదరడం లేదు.

"రెండేళ్ళయిందమ్మా. ఎవరికీ చెప్పకండి."

"నాకెందుకయ్యా చెప్పడం. కానీ వచ్చే ఏడాది నేను పక్కన కూచుని ఏరనుగా."

ఆ తరువాత ఆ మాట ఎత్తలేదు. నలభైమంది బియ్యం మొత్తం ఆమె ఏరింది. ఆయన పప్పు పొయ్యి మీద పెట్టి, బాణలిలో రాళ్ళ ఉప్పు వేడిచేసి, పాతగుడ్డలో మూటకట్టి ఇచ్చాడు. ఆమె మోకాళ్ళకు కాపడం పెట్టుకుంటూ కోటగోడ వైపు చూసింది.

"ఇన్నిసార్లు వచ్చారు గదా, ఎట్టా ఉంటది తాజ్‌మహలు?"

"తెల్లటి రాయమ్మా. పొద్దున ఒక రంగు, సాయంత్రం ఒక రంగు. లోపల మాట్లాడితే మారుమోగుతుంది. పక్కనే యమున" అని ఆగిపోయాడు. ఇరవైసార్లు చెప్పి ఉంటాడు ఈ మాటలు, మనవలకూ, తెనాలి గంగానమ్మపేటలో తన గది పక్కవాళ్ళకూ. అన్నీ ప్రయాణీకులు తిరిగి వచ్చి విస్తళ్ళ ముందు చెప్పుకున్నవి. ఈ పూట మిగతావి నోటికి రాలేదు.

"నేను చూడలేదమ్మా. వాళ్ళు పోయి వచ్చే లోపల వంట కావాలి కదా."

"ఒక్కసారీ?"

"మొదటిసారి తిరిగి వెళ్ళినప్పుడు మా ఆవిడ అడిగింది, ఎట్లా ఉందీ అని. అక్కడి నీళ్ళకు పప్పు ఉడకదే అన్నాను. నేనడిగింది నీళ్ళ సంగతా అని నవ్వింది." ఆయన మసి గుడ్డతో గుండిగ మూత తీసి, చెవి దగ్గరగా వంచి చప్పుడు విన్నాడు. "మరుసటేడు చూసి చెప్తానన్నాను. ఆ ఏడే విషజ్వరం వచ్చి మనిషి పోయింది. నేను రేపల్లెలో పెళ్ళివంటలో ఉన్నాను. కబురు అంది వచ్చేసరికి తీసుకుపోయారు."

కోటేశ్వరమ్మ మూట ఒక మోకాలి మీద నుంచి రెండో మోకాలి మీదికి మార్చుకుంది.

ఒంటిగంటన్నరకు టాంగాలు తిరిగి వచ్చాయి. పట్టాల పక్కన చాపలు పరిచి విస్తళ్ళు వేశారు. పప్పు, వంకాయ కూర, చారు, మజ్జిగ. బసవేశ్వరరావు మొదట రెండు ముద్దలు జాగ్రత్తగా, ఒక పక్క దవడతో నమిలాడు. తరువాత మామూలుగా తిన్నాడు. మూడోసారి పప్పు అడిగి వేయించుకుని, "ఈ నీళ్ళకు పప్పు ఇంత మెత్తగా ఎట్టా వచ్చిందయ్యా పంతులూ" అన్నాడు. లక్ష్మీనరసింహం నెయ్యి వడ్డించుకుంటూ ముందుకు పోయాడు. తాజ్‌మహలు గురించి ఆ పూటా పంక్తిలో అందరూ మాట్లాడారు. ఒకరు చిన్నదన్నారు, ఒకరు ఇంత పెద్దదనుకోలేదన్నారు.

భోజనాలయ్యాక కోటేశ్వరమ్మ జగన్నాథరావును పిలిచింది.

"అబ్బాయ్, నా కాళ్ళు నెమ్మదించినయ్. నేనిప్పుడు తాజ్‌మహలు చూసొస్తా."

"ఇప్పుడు అందరూ కోటకు వెళ్తున్నారు పిన్నీ. మీకు తోడెవరు?"

"పంతులుగారు రావాల. మెట్లెక్కేటప్పుడు చెయ్యి ఆనించుకోవడానికి బలమైన మనిషి కావాల నాకు."

జగన్నాథరావు లక్ష్మీనరసింహం వంక చూశాడు. ఆ సన్నటి మనిషిలో బలం ఎక్కడ కనిపించిందో ఆయనకు అర్థం కాలేదు.

"రాత్రి వంట?"

"రాత్రికి పులిహోర, పెరుగన్నమేనండి" అన్నాడు వీరాస్వామి గిన్నెలు తోముతూ. "చింతపండు నేను నానబెడతా. ఆయన్ని పోయిరానివ్వండి."

లక్ష్మీనరసింహం కాళ్ళూ చేతులూ కడుక్కుని, పెట్టెలోంచి ఉతికిన పంచె తీసి కట్టుకున్నాడు. స్వెట్టరు చేతులు కిందికి దించుకున్నాడు.

టాంగా వాళ్ళను తాజ్‌మహలు బయట దించింది. ఎర్రరాతి ద్వారం కింద చీకటిగా ఉంది. అది దాటి బయటికి రాగానే ఆయన కళ్ళకు ఒక్కసారిగా తెలుపు కొట్టింది. చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఎండలో ఆరేసిన పంచెలు ఎదురుగా ఉన్నట్టు తెలుపు తప్ప దానికి అంచు కనిపించలేదు.

"ఏం కనపడతంది?" అంది ఆమె.

"తెల్లగా ఉంది."

"అంతేనా?"

"అంతేనమ్మా."

కోటేశ్వరమ్మ చుట్టూ ఒకసారి చూసి, తీరిగ్గా చెప్పడం మొదలుపెట్టింది. "నాలుగు మూలలా నాలుగు స్తంభాలున్నయ్. ఒక్కొక్కటి మన తెనాలిలో ఏ మేడ కంటే కూడా పొడుగే. మధ్యలో గుమ్మటం. ఆవిరికుడుము బోర్లించినట్టుందయ్యా."

లక్ష్మీనరసింహానికి నవ్వు వచ్చింది. "పిండి బాగా పులిసిందా?"

"బాగా పులిసింది. ఎక్కడా పగల్లేదు. దాని మీద పావురాలు తిరుగుతన్నయ్. ముందు సన్నటి కాలవ, మన బోదెంత ఉంటది, అందులో మళ్ళీ ఇదే తలకిందులుగా."

వేదిక దగ్గర చెప్పులు విడిచారు. మెట్లు నిటారుగా ఉన్నాయి, తెలుపు మీద తెలుపు. ఆయనకు ఒక మెట్టు ఎక్కడ ఆగి ఇంకొకటి ఎక్కడ మొదలవుతోందో తెలియలేదు. ఆమె ఆయన భుజం మీద బరువంతా ఆనించి, "మెట్టు... ఇంకో మెట్టు... ఇది కాస్త ఎత్తు" అంటూ ఎక్కింది. చూసేవాళ్ళకు ముసలామెను ఎవరో జాగ్రత్తగా ఎక్కిస్తున్నట్టు ఉంది. సగంలో ఆమె ఆగి రొప్పింది. పైన కొందరు పిల్లలు పరుగెడుతున్నారు.

లోపల చల్లగా, మసకగా ఉంది. వెలుగు తగ్గడంతో ఆయన చూపుకు కొంచెం సుఖంగా ఉంది. సమాధుల చుట్టూ చిల్లులు చెక్కిన రాతి జాలీ ఉంది. కోటేశ్వరమ్మ ఆయన చెయ్యి పట్టుకుని జాలీ అంచు మీద పెట్టింది.

"ఇక్కడ పూలున్నయ్. ఎర్రయి, పచ్చయి. ఒక్కో రేకూ వేరే రాయి కోసి ఇందులో పొదిగారంట, ఇందాక భోజనాల దగ్గర మనవాళ్ళు చెప్పుకుంటన్నారు."

ఆయన స్వెట్టరు చెయ్యి పైకి మడిచాడు. రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకుని వేళ్ళు వేడిచేసుకున్నాడు. చూపుడు వేలి కొసను రాతి మీద పెట్టి మెల్లగా జరిపాడు.

"పువ్వు వచ్చినప్పుడు చెప్పండి."

"ఇప్పుడు రేకు మీద ఉంది మీ వేలు. ఇప్పుడు కాడ. ఇప్పుడు తెల్లరాయి. మళ్ళీ రేకు."

ఆయన మళ్ళీ మొదటి నుంచి జరిపాడు. మధ్యవేలితో చూశాడు. బొటనవేలి గోటిని అడ్డంగా పెట్టి లాగాడు. గోరు ఎక్కడా ఆగలేదు. నూకలో ఇసక రేణువు ఉంటే పట్టుకున్న వేళ్ళు అవి. రాయి ఎక్కడ అయిపోయిందో, పువ్వు ఎక్కడ మొదలైందో వాటికి దొరకలేదు. చలికి వేళ్ళు మొద్దుబారాయేమోనని వాటిని నోటి దగ్గర పెట్టుకుని ఆవిరి ఊది, మూడోసారి చూశాడు.

"అతుకు లేదమ్మా" అన్నాడు.

"లేదా?"

"ఎక్కడా లేదు." ఆయన గొంతు తగ్గించి అన్నా ఆ మాట పైకి పోయి మోగి వచ్చింది. "పని తెలిసినవాళ్ళు."

కాపలావాడు కదలమని సైగ చేసేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు. ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు వేలు జరుపుతూ, జాలీ ఒక పక్క మొత్తం పూర్తిచేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు గుమ్మటం వైపు తలలెత్తి చూస్తున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు టాంగాలో ఆయనే మొదట మాట్లాడాడు.

"జగన్నాథరావుగారితో నేనే చెప్తానమ్మా."

"మీ ఇష్టం" అంది కోటేశ్వరమ్మ.

అయిదున్నరకు బోగీ చేరారు. కోటగోడ నీడ లేదు. గోడే ఎండలో ఎర్రగా ఉంది. వీరాస్వామి చింతపండు పులుసు తీసి ఉంచాడు. లక్ష్మీనరసింహం పంచె మార్చుకుని, పోపు వేసి, పులిహోర కలిపి, జగన్నాథరావు ఒంటరిగా దొరికేదాకా చూసి దగ్గరకు వెళ్ళాడు.

"బాబూ, నాకు కళ్ళు ఆనడం లేదు. రెండేళ్ళయింది. మీకు చెప్పకుండా వచ్చాను, తప్పే. ఇవాళ బియ్యం ఏరింది నేను కాదు, కొలకలూరు అమ్మగారు. వచ్చే ఏడాదికి వేరే మనిషిని చూసుకోండి."

జగన్నాథరావు కాసేపు ఆయన మొహంలోకి చూశాడు. పడమటి వెలుగు పడి, నల్లగుడ్ల మధ్య బూడిదరంగు పొర స్పష్టంగా కనిపించింది.

"ఇవి శుక్లాలండీ. మా నాన్నకూ వచ్చాయి. గుంటూరులో ఆపరేషను చేసి తీస్తారు, అద్దాలు పెట్టుకుని పేపరు కూడా చదువుతున్నాడు. ఈ మాట రెండేళ్ళ క్రితమే చెప్పకూడదా?"

"తీసేస్తారని తెలియదండి."

"ఊరికి పోగానే నేనే తీసుకెళ్తా. ఇంకో మనిషిని పెట్టుకుంటే ఆగ్రాలో పప్పు ఎవరు ఉడకబెడతారు?"

లక్ష్మీనరసింహం తలకున్న తుండుగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. పులిహోర వడ్డిస్తుంటే ఆ సాయంత్రం ఆయన మామూలు కంటే ఎక్కువ మాట్లాడాడని తరువాత వీరాస్వామి చెప్పాడు. బసవేశ్వరరావు దగ్గర ఆగి, "ఆ పూలకు అతుకు తగిలిందా మీకు?" అని అడిగాడట. బసవేశ్వరరావు పూలు చూశాడు గాని ముట్టుకోలేదు.

ఏడు గంటలకు రైలు వచ్చి బోగీని తగిలించుకుంది. యమున వంతెన మీద చక్రాల చప్పుడు మారింది.

తెల్లవారి అలహాబాదు చేరాక, కాఫీకి నీళ్ళు పెట్టమని వీరాస్వామి ఆయనను తట్టి లేపబోయాడు. బియ్యం బస్తాల మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఒళ్ళు చల్లబడి ఉంది. రైల్వే డాక్టరు వచ్చి, గుండె ఆగి మూడు నాలుగు గంటలై ఉంటుందన్నాడు. బాపట్లలో కూతురు శారదకు జగన్నాథరావు టెలిగ్రాం ఇచ్చాడు. ఆమె వచ్చేదాకా ఉంచే వీలు లేదు. యాత్రలోనే ఉన్న బాపట్ల బడిపంతులు వెంకట సుబ్బయ్య కొడుకు స్థానంలో నిలబడి, త్రివేణి ఒడ్డున దహనం చేయించాడు. త్రివేణి దగ్గర పోయాడు, ఎంత అదృష్టవంతుడని అందరూ అన్నారు. కోటేశ్వరమ్మ ఆ మాటకు ఊకొట్టలేదు. వాచిన మోకాళ్ళతోనే ఒడ్డుదాకా నడిచి వచ్చి, అంతా అయ్యేవరకు ఇసకలో కూర్చుంది.

మధ్యాహ్నం తిరిగి వచ్చి స్నానాలు చేశారు. ఆ పూట ఎవరు వండాలన్న మాట వచ్చింది. వీరాస్వామి పొయ్యి వెలిగించడానికి బొగ్గులు తీయబోతూ బోగీ మూలన ఆగిపోయాడు. ఉదయం ఫలహారానికని లక్ష్మీనరసింహం రాత్రి పడుకునే ముందు నానబోసిన మినపప్పు బేసినులో ఉంది. నీళ్ళన్నీ పీల్చుకుని, పొట్టు విడిచి, పప్పు తెల్లగా ఉబ్బి, మూతగా పెట్టిన కంచాన్ని ఒక పక్కకు ఎత్తింది.